ఊరి నుంచి నగరానికి పోయి వచ్చేవాళ్లకు మెట్రో కార్డు అవసరమా, టికెట్టు సరిపోతుందా?

బురుజు నీడ (కర్నూలు) | 2025 అక్టోబరు 6, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అమ్మకు మోకాళ్ల వైద్యం జరుగుతున్నందున రాబోయే ఆరు నెలలూ నెలకొకసారి హైదరాబాదులో పంజగుట్ట వైపు ఉన్న ఒక ఆసుపత్రికి ఆమెను తీసుకుపోవలసి ఉంది. తెల్లవారుజామున కర్నూలులో ఆర్టీసీ బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగుతాము. అక్కడ ఆటోవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క రేటు చెబుతారు, బేరం తెగేదాకా నిలబడే ఓపిక అమ్మకు లేదు. అందుకని పోయినసారి మెట్రోలో పోయాము. బస్టాండును ఆనుకొనే స్టేషను ఉంది, లిఫ్టులు ఉన్నాయి, పంజగుట్ట ఎర్ర లైనులోనే ఎనిమిదో స్టేషను కాబట్టి రైలు మారే పని కూడా లేదు.

చిక్కు వచ్చింది గేటు దగ్గర. ఇద్దరి క్యూఆర్ టికెట్లూ నా ఫోనులోనే ఉన్నాయి. నేను ముందుగా నాది చూపించి లోపలికి నడిచేశాను, గేటు మూసుకుంది, అమ్మ అవతల నిలబడిపోయింది, ఆమె టికెట్టు మాత్రం ఫోనుతో పాటు నా చేతిలో ఉంది. వెనక జనం పెరిగిపోయారు. చివరికి గేటు మీదుగా ఫోనును అమ్మకు అందించి, ఏ బొమ్మను ఎక్కడ పెట్టాలో కేకవేసి చెప్పవలసి వచ్చింది. ఆమె పెట్టేలోపు ఫోను తెర ఆరిపోయింది.

అప్పటి నుంచి అమ్మకు విడిగా ఒక రీచార్జి కార్డు తీసిస్తే మేలని అనిపిస్తోంది. నెలకు ఒక్కసారి పోయేవాళ్లకు ఆ కార్డు గిట్టుబాటు అవుతుందా, మా చెల్లెలు బెంగళూరులో ఉంటుంది కాబట్టి అదే కార్డు అక్కడ కూడా పనిచేస్తుందా, మిగిలిన డబ్బు వెనక్కి వస్తుందా అన్నది అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

టవర్‌క్లాక్ (అనంతపురం) | 2025 అక్టోబరు 6, రాత్రి 9:25

నేను వ్యాపారం పని మీద నెలకు రెండు మూడు సార్లు బెంగళూరుకు పోయి వస్తుంటాను కాబట్టి ముందు ఆ ఊరి సంగతి చెబుతాను. హైదరాబాదు మెట్రో కార్డు బెంగళూరు గేటు దగ్గర పనిచేయదు. ఏ మెట్రో సొంత కార్డు ఆ మెట్రోదే. బెంగళూరులో మీకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి నమ్మ మెట్రో వాళ్ల సొంత కార్డు, రెండోది బ్యాంకులు ఇచ్చే ఎన్‌సీఎంసీ రూపే కార్డు, అంటే పలు నగరాల మెట్రోల్లో చెల్లే ఉమ్మడి ప్రయాణ కార్డు.

గిట్టుబాటు లెక్క నేను ఒకసారి కాగితం మీద వేసి చూసుకున్నాను. 2025 ఫిబ్రవరి 9న ఛార్జీలు పెంచిన తరువాత అక్కడ టికెట్టు 10 రూపాయల నుంచి 90 రూపాయల దాకా ఉంది. కార్డుకు 5 శాతం తగ్గింపు ఇస్తారు, రద్దీ లేని వేళల్లో ఇంకొక 5 శాతం కలుస్తుంది. రద్దీ లేని వేళలంటే ఉదయం 8 గంటల లోపు, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు, రాత్రి 9 దాటాక. 60 రూపాయల ప్రయాణానికి మామూలు వేళల్లో మిగిలేది 3 రూపాయలు. కార్డు ఖరీదు 50 రూపాయలు అనుకుంటే, దాన్ని రాబట్టుకోవడానికే మీరు పదిహేడు సార్లు ప్రయాణించాలి. నెలకొకసారి పోయి వచ్చేవారికి అది ఎనిమిది తొమ్మిది నెలల మాట. కాబట్టి తగ్గింపు కోసమే అయితే కార్డు కొనకండి.

ఇంకొక మెలిక ఉంది, దీన్ని ఊరి నుంచి పోయేవాళ్లు తప్పకుండా గుర్తు పెట్టుకోవాలి. కార్డులో కనీసం 90 రూపాయలు ఉంటేనే అక్కడ లోపలికి పోయే గేటు తెరుచుకుంటుంది. మీరు దిగబోయే స్టేషనుకు ఛార్జీ 20 రూపాయలే అయినా, కార్డులో 75 ఉంటే గేటు కదలదు. ఆరు నెలల తరువాత రైలు దిగి, కార్డులో డబ్బు ఉందనే ధీమాతో గేటు దగ్గరికి పోయిన మనిషి మళ్లీ వెనక్కి వచ్చి రీచార్జి వరుసలో నిలబడాల్సిందే. నేను నిలబడ్డాను.

దేవుని కడప వాసి (కడప) | 2025 అక్టోబరు 7, ఉదయం 6:15

పదవీ విరమణ చేసిన మనిషిని, పిల్లలు మూడు ఊళ్లలో ఉన్నారు. నా బీరువాలో ఇప్పుడు నాలుగు మెట్రో కార్డులు ఉన్నాయి, నాలుగింటిలోనూ కొంత కొంత డబ్బు ఉంది, ఆ డబ్బు నాది అని చెప్పుకోవడమే గాని ఖర్చు పెట్టుకోవడానికి లేదు. అతిథిగా పోయేవాడికి కార్డు ఎందుకు అన్నది నా ప్రశ్న. బావిలో వేసిన చేద తాడుతో సహా జారిపోయినట్టుగా ఉంటుంది ఈ మిగులు బ్యాలెన్సు వ్యవహారం.

చెన్నై సంగతి చెబుతాను. మేము కడప నుంచి రైల్లో పోతే సెంట్రల్ దగ్గర దిగి మెట్రో ఎక్కుతాము. అక్కడి మెట్రో వారి పాత ట్రావెల్ కార్డు నా దగ్గర ఉండేది. 2025 ఆగస్టు 1 నుంచి దానికి రీచార్జి ఆపేసి, అందరూ సింగార చెన్నై కార్డుకు మారాలని అన్నారు. రోజూ తిరిగేవారికి ఆ విషయం స్టేషనులోనే తెలుస్తుంది. సంవత్సరానికి రెండుసార్లు పోయేవాడికి కౌంటరు ముందు నిలబడ్డాకే తెలుస్తుంది. అందుకని బురుజు నీడ గారికి నా సలహా ఏమంటే, ఇద్దరికీ వేర్వేరు కాగితం టికెట్లు కౌంటరులో తీసుకోండి, అమ్మ టికెట్టు అమ్మ చేతికే ఇవ్వండి.

టవర్‌క్లాక్ (అనంతపురం) | 2025 అక్టోబరు 7, ఉదయం 7:50

పెద్దాయనా, మీ మాట కాదనను గాని, సింగార చెన్నై కార్డు ఎన్‌సీఎంసీ కార్డే కదా. అంటే అదొక్కటి మీ జేబులో ఉంటే చెన్నై మెట్రోతో పాటు బెంగళూరు, ఢిల్లీ మెట్రోల్లోనూ పనికివస్తుంది, చెన్నై సిటీ బస్సుల్లో కూడా తీసుకుంటున్నారు. నాలుగు కార్డుల బాధ తప్పించడానికే 2019 మార్చిలో దాన్ని మొదలుపెట్టారు.

దేవుని కడప వాసి (కడప) | 2025 అక్టోబరు 7, ఉదయం 8:30

దేశమంతా ఒకే కార్డు అన్న మాట వినడానికి బాగుంటుంది నాయనా. అయితే ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు వేరు, రీచార్జి చేసే యాప్ వేరు, గేటు నడిపే మెట్రో వేరు. డబ్బు ఇరుక్కుంటే ఎవరిని అడగాలి? ఒక నగరంలో నేను యాప్ ద్వారా 300 రూపాయలు వేశాను, ఖాతాలో కోత పడింది, గేటు దగ్గర చూస్తే కార్డులో పాత బ్యాలెన్సే ఉంది. కౌంటరులో అడిగితే బ్యాంకును అడగమన్నారు, బ్యాంకుకు ఫోను చేస్తే స్టేషనులో అడగమన్నారు. ఆ రోజు మా మనవడి అన్నప్రాశన ముహూర్తం దాటిపోయేలా ఉంటే కార్డు జేబులో పెట్టుకొని టికెట్టు కొనుక్కొని పోయాను.

నంద్యాల చెక్‌పోస్టు (కర్నూలు) | 2025 అక్టోబరు 7, మధ్యాహ్నం 1:10

టికెట్టు యంత్రాల మరమ్మతు పనిలో కొన్నేళ్లు ఉన్నవాడిని కాబట్టి పెద్దాయన 300 రూపాయలు ఎక్కడ ఆగి ఉంటాయో చెప్పగలను.

ఈ కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని తీగ చుట్ట ఒకటి, దానికి అంటుకొని గోరంత కూడా లేని చిప్పు ఒకటి ఉంటాయి. గేటు మీది రీడరు 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో వెదజల్లే అయస్కాంత క్షేత్రం దగ్గరికి కార్డును తెస్తే, ఆ చుట్టలో కరెంటు పుట్టి చిప్పు మేలుకుంటుంది. లోపలికి పోయేటప్పుడు రీడరు మీ కార్డు మీద ఫలానా స్టేషను, ఫలానా సమయం అని రాస్తుంది. బయటికి వచ్చేటప్పుడు ఇంకొక రీడరు ఆ రాతను చదివి, దూరాన్ని లెక్కగట్టి, డబ్బు కోసి, మిగిలినది తిరిగి రాస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరగాలి కాబట్టి గేటు ప్రతిసారీ బ్యాంకును అడుగుతూ కూర్చోదు. మీ బ్యాలెన్సు కార్డులోనే రాసి ఉంటుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మీరు ఇంట్లో కూర్చొని యాప్‌లో డబ్బు వేస్తే అది ఎక్కడో సర్వరులో మీ పేరు మీద నిలిచి ఉంటుంది గాని, మీ బీరువాలోని కార్డులోకి ఎగిరి రాదు. కార్డును స్టేషనులోని యంత్రానికో కౌంటరులోని రీడరుకో ఆనించి, ఆ డబ్బును కార్డు మీద రాయించుకోవాలి. ఎన్‌సీఎంసీ కార్డుల విషయంలో ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, డబ్బు పోయిందని కంగారు పడతారు. పెద్దాయన కార్డును ఈసారి పోయినప్పుడు రీచార్జి యంత్రం దగ్గర బ్యాలెన్సు అప్‌డేట్ అని అడిగి చూడమని మనవి. అలా జమ చేసుకోవడానికి గడువు పెట్టి, అది దాటితే సొమ్మును ఖాతాకు తిప్పి పంపే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది కాబట్టి పాత స్టేట్‌మెంటు కూడా ఒకసారి చూసుకోండి.

కార్డు పనిచేయడం లేదని తెచ్చేవాళ్లలో నేను ఎక్కువగా చూసింది రెండు రకాలు. ఒకరు పర్సును పర్సుగానే రీడరు మీద పెడతారు, అందులో టచ్ చేసి చెల్లించే బ్యాంకు కార్డు కూడా ఉంటుంది, రెండు చిప్పులూ ఒకేసారి పలకడంతో రీడరు దేనినీ ఒప్పుకోదు. ఇంకొకరు తాళాల గుత్తికి తగిలించుకోవడానికి కార్డు మూలన సూదితో రంధ్రం చేస్తారు. తీగ చుట్ట కార్డు అంచుల వెంటే తిరుగుతుందని వాళ్లకు తెలియదు. కార్డు నలగలేదు, రంగు పోలేదు, కానీ చచ్చిపోయింది. అన్నట్టు, కార్డును రీడరు మీద దోమను కొట్టినట్టు కొట్టకండి, ఒక్క క్షణం ఆనించి ఉంచండి. రాత సగంలో ఉండగా కార్డు తీసేస్తే గేటు తెరుచుకోదు, మళ్లీ అదే కార్డు పెట్టాలి.

తుంగభద్ర గట్టు (కర్నూలు) | 2025 అక్టోబరు 7, సాయంత్రం 6:05

ఇంతవరకు అందరూ లెక్కలే చెప్పారు. నేను ఒంటరిగా ప్రయాణం చేసే అరవై రెండేళ్ల మనిషిని, నా దగ్గర ఉన్నది బటన్ల ఫోను, యూపీఐ లేదు. హైదరాబాదులో మా అక్క ఇంటికి పోయినప్పుడల్లా నాకు ఆ కార్డే దిక్కు. చిల్లర వెతుక్కునే పని లేదు, వరుసలో నిలబడే పని లేదు, ఎవరినీ ఫోను చూపించమని బతిమాలే పని లేదు. మూడు రూపాయలు మిగిలాయా లేదా అన్నది నాకు పట్టదు. బురుజు నీడ గారి అమ్మగారి పరిస్థితి నా పరిస్థితి లాంటిదే, కాబట్టి కార్డు కొనివ్వండి.

ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, మెట్రో ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మన స్త్రీశక్తి ఆంధ్రప్రదేశ్ బస్సులకే. 2023 డిసెంబరు 9న మొదలైన తెలంగాణ వారి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం చిరునామా ఉన్నవారికి. నా ఆధార్‌లో కర్నూలు ఉంది, కండక్టరు టికెట్టు కొట్టే తీరుతాడు.

పసిడిపురి (ప్రొద్దుటూరు, కడప జిల్లా) | 2025 అక్టోబరు 7, రాత్రి 10:20

విదేశం సంగతి అడగలేదు గాని, పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు ఈ వేదికలో చాలామంది ఉన్నారని రాస్తున్నాను. మా అబ్బాయి లండన్‌లో ఉన్నాడు. అక్కడ 2003 నుంచి ఆయిస్టర్ అనే నీలం కార్డు నడుస్తోంది, అయితే ఇప్పుడు టచ్ చేసే బ్యాంకు కార్డునే నేరుగా గేటుకు ఆనించవచ్చు. రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఒక హద్దు దాటి కోయరు. ఆ హద్దు లెక్కకు రావాలంటే ప్రొద్దున ఏ కార్డు పెట్టామో రాత్రి దాకా అదే పెట్టాలి. అక్కడి రైలుకు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆనించాలి, బస్సుకు మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారే. నేను మొదటి రోజు బస్సు దిగేటప్పుడు కూడా ఆనించబోతే మా కోడలు చెయ్యి పట్టుకొని ఆపింది.

మన బ్యాంకు కార్డుతో పోయేవాళ్లు ఇంట్లో ఉండగానే చేయవలసిన పని ఒకటుంది. 2020లో వచ్చిన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నారు, విదేశీ వాడకాన్నీ టచ్ చెల్లింపునూ మనమే యాప్‌లోనో బ్యాంకులోనో తెరిపించుకోవాలి. ఆ పని చేసుకోకుండా పోతే అక్కడి గేటు దగ్గర ఎర్ర దీపమే కనిపిస్తుంది. విదేశీ లావాదేవీ రుసుము కూడా పడుతుంది, అందుకే వారం దాటి ఉండేవాళ్లకు ఆయిస్టరే నయమని మా అబ్బాయి అంటాడు.

నిర్వాహకుడు | 2025 అక్టోబరు 8, ఉదయం 9:00

బియ్యం మూటలు, వేరుశనగ సంచులు మెట్రోలోకి రానిస్తారా అన్న చర్చను విడి అంశంగా మార్చాను. ఇక్కడ కార్డుల సంగతే కొనసాగించగలరు.

హెచ్ఎల్‌సీ కాలువ (అనంతపురం) | 2025 అక్టోబరు 8, ఉదయం 11:45

మా అమ్మాయి ఢిల్లీలో సివిల్స్ శిక్షణలో ఉండగా 2023లో నాలుగు రోజులు పోయాము. అక్కడ అతిథుల కోసమే టూరిస్టు కార్డు అమ్మేవారు. ఒక రోజుది 200 రూపాయలు, మూడు రోజులది 500, రెండింటిలోనూ 50 రూపాయలు కార్డు వాపసు చేస్తే వెనక్కి వచ్చేది. ఎయిర్‌పోర్టు లైనులో అది చెల్లేది కాదు. మూడు రోజులూ ఎన్నిసార్లయినా తిరగవచ్చని మా ఆయన దాన్నే కొన్నారు. ఎండకు తాళలేక మేము రోజుకు రెండు ప్రయాణాల కంటే ఎక్కువ చేయలేదు, ఆ లెక్కన మామూలు టికెట్లే చవక. ఎంత తిరుగుతారో తేల్చుకున్నాకే అలాంటి కార్డు కొనాలి. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టే అక్కరలేదు, మా చిన్నవాడు ఆ గీత కంటే రెండు వేళ్లు పైనున్నాడు.

టవర్‌క్లాక్ (అనంతపురం) | 2025 అక్టోబరు 8, మధ్యాహ్నం 12:30

బురుజు నీడ గారి మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. మెట్రో సొంత కార్డును వాపసు చేసే పద్ధతి ఆయా మెట్రోను బట్టి ఉంటుంది, కొనేటప్పుడే కౌంటరులో అడిగి తెలుసుకోవాలి. బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో ఆధార్ వంటి వివరాలేమీ తీసుకోకుండా ప్రయాణానికే ఇచ్చే రకం ఒకటుంది, 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దానికి అనుమతి ఇచ్చింది. అందులో ఒకేసారి 3,000 రూపాయలకు మించి ఉంచకూడదు, గడువు తీరిపోదు, అయితే వేసిన డబ్బును నగదుగా వెనక్కి తీసుకోవడానికీ వేరేవారికి పంపడానికీ వీలు లేదు. పేరు లేని కార్డు కాబట్టి పోగొట్టుకుంటే దొరికినవాడిదే. ఈ విషయంలో దేవుని కడప వాసి గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. కార్డు తీసుకోండి, కానీ ఆ పూట ప్రయాణానికి సరిపడా మాత్రమే వేయించండి. ఒకేసారి వెయ్యి వేయించుకోవడం రోజూ ఆఫీసుకు పోయేవాళ్ల అలవాటు.

దేవుని కడప వాసి (కడప) | 2025 అక్టోబరు 8, మధ్యాహ్నం 2:00

సగమైనా ఒప్పుకున్నందుకు సంతోషం. నంద్యాల చెక్‌పోస్టు గారు చెప్పినట్టు పాత స్టేట్‌మెంటు తీయించాను. 300 రూపాయలు పదకొండు రోజులకు ఖాతాలోకి తిరిగి వచ్చి ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను ఊరికే తిట్టుకున్నాను.

బురుజు నీడ (కర్నూలు) | 2025 నవంబరు 6, రాత్రి 9:15

నిన్న హైదరాబాదుకు పోయి వచ్చాము, జరిగినది రాస్తున్నాను. ఎంజీబీఎస్ స్టేషను కౌంటరులో అమ్మకు ఒక కార్డు తీసుకొని 200 రూపాయలు వేయించాను, నాకు మాత్రం ఫోనులో క్యూఆర్ టికెట్టే. ఈసారి అమ్మను ముందు పంపి నేను వెనక నడిచాను.

కార్డు ఎక్కడ ఉందమ్మా అని గేటు దగ్గర అడిగితే, ఎక్కడైనా పడిపోతుందని కొంగుకు ముడివేసుకున్నానని చెప్పింది. విప్పబోతే ముడి బిగిసిపోయింది. వెనక ఉన్న కుర్రవాడు, కొంగునే ఆనించండి పెద్దమ్మా అన్నాడు. కొంగు ముడిని అలాగే రీడరు మీద పెట్టింది, కీచుమని ఒక శబ్దం వచ్చి గేటు తెరుచుకుంది. గుడ్డ అడ్డం రాదని నంద్యాల చెక్‌పోస్టు గారు చెప్పలేదు, మా అమ్మ కనిపెట్టింది. పంజగుట్టలో దిగేటప్పుడు కూడా ముడి విప్పలేదు.

పొరపాటు నాదే ఒకటి జరిగింది. తిరుగు ప్రయాణంలో పంజగుట్టలో ఇద్దరమూ గేటు దాటి లోపలికి వచ్చాక, ఎక్స్‌రే ఫిల్ము మందుల దుకాణంలోనే మరిచిపోయామని గుర్తుకు వచ్చింది. అమ్మను లోపల బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కడినే పోయి రావలసింది, కంగారులో ఇద్దరమూ బయటికి వచ్చేశాము. రైలెక్కకుండా అదే స్టేషనులో బయటికి వచ్చినా కార్డులో కొంత కోత పడుతుందని అప్పుడు తెలిసింది. నా టికెట్టు సంగతి సరే సరి, మళ్లీ కొన్నాను.

నంద్యాల చెక్‌పోస్టు (కర్నూలు) | 2025 నవంబరు 6, రాత్రి 9:50

అలాంటప్పుడు గేటుకు కార్డు ఆనించకుండా పక్కనున్న కస్టమర్ కేర్ గది దగ్గరికి పోయి సంగతి చెప్పి చూడవలసింది. ఇంకొక మాట. లోపలికి పోయేటప్పుడు కార్డు ఆనించి, బయటికి వచ్చేటప్పుడు ఎవరి వెనకనో దూరి కార్డు ఆనించకుండా వచ్చేస్తే, మీరు ఇంకా లోపలే ఉన్నారని కార్డు మీద రాసి ఉంటుంది, మరుసటి నెల గేటు తెరుచుకోదు. దాన్ని సరిచేసేది కూడా ఆ గదిలోనే, రుసుముతో.

తుంగభద్ర గట్టు (కర్నూలు) | 2025 నవంబరు 7, ఉదయం 7:20

కొంగు ముడి ఉపాయం నేను కూడా నేర్చుకున్నాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. తరువాతి ప్రయాణం ఎప్పుడు?

బురుజు నీడ (కర్నూలు) | 2025 నవంబరు 7, ఉదయం 8:05

డిసెంబరు మొదటి వారంలో. ఈలోపు మా పై వాటాలో అద్దెకున్న టీచరమ్మ బుధవారం హైదరాబాదుకు పోతోందని తెలిసి, అమ్మే ఆ కార్డును ఆమె చేతికి ఇచ్చింది. ఎంత వాడుకుంటే అంత రీచార్జి చేయించి తెమ్మని చెప్పింది. బెంగళూరుకు సంక్రాంతికి పోతాము, అప్పటికి టవర్‌క్లాక్ గారిని మళ్లీ అడుగుతాను.